గోడకు కాళ్లొచ్చాయి

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. నా గది మాత్రం అంత క్షేమంగా లేదు.

ఫోనులో మనిద్దరికీ పొసగదని పోయిన నెలే తేలిపోయింది కాబట్టి ఈ ఉత్తరం అమ్మాయి చేత పంపుతున్నాను. పిల్లలు కట్టుకోబోయే ఇంటికి గోడలు మీరు గీస్తారని, నీళ్ల గొట్టాలు నేను గీస్తానని అనుకున్నాం. రిటైరైన మనిద్దరికీ వేరే పని లేకపోవడం ఆ ఇల్లు చేసుకున్న అదృష్టం. మీ గోడల ఫైలును నా గొట్టాల ఫైలు అడుగున లింకుగా పెట్టుకున్నాను. అక్కడ మీరు గోడ జరిపితే ఇక్కడ నా కంప్యూటర్లోనూ జరుగుతుంది. ఇంతవరకు బాగానే ఉంది.

ఆ ఇంట్లో నాకిస్తామన్న గది మొన్నటిదాకా పన్నెండడుగుల వెడల్పు. ఈరోజు తెరిచి చూస్తే పదకొండు. నేనే సరిచేద్దామంటే మీ ఫైలుకు తాళం. దయచేసి ఆ తాళమైనా తీయండి, నా అడుగైనా నాకిచ్చేయండి.

ఇట్లు,
మీ వియ్యంకుడు

తా.క.: గోడలకు చెవులుంటాయని విన్నాను. కాళ్లు కూడా ఉంటాయని మీ డ్రాయింగు చూశాకే తెలిసింది.

---

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఆనందించాను. ఆర్కిటెక్టు ఆఫీసులో నలభై ఏళ్లు గోడలు గీశాను. నేను గీసిన గోడ భూకంపానికి కదిలితే కదిలిందేమో గానీ నా చేతిలో అంగుళం కదల్లేదు. మీరు కళ్లద్దాలు మార్చి ఎన్నాళ్లయింది?

తాళం తీయడం కుదరదు. లింకు ఫైలును మీ దగ్గర నుంచే తెరిచి దిద్దేయొచ్చని నాకూ తెలుసు. అందుకే మా కోడలి చేత పాస్‌వర్డ్ పెట్టించాను. మీ అమ్మాయని చెప్పడం కాదు గానీ, కంప్యూటర్లలో ఆ పిల్లకు తెలియనిది లేదు. మీరు గొట్టాల సంగతి చూడండి. పునాదులు తవ్వడానికి మేస్త్రీ వచ్చే సోమవారమే దిగుతున్నాడు.

ఇట్లు,
గోడల వియ్యంకుడు

తా.క.: పాస్‌వర్డ్ ఊహించే శ్రమ పెట్టుకోకండి. అది నాకే గుర్తులేదు. కావాల్సినప్పుడల్లా కోడల్నే అడుగుతాను.

---

ఇల్లు కట్టకముందే నన్ను గడప అవతల నిలబెట్టిన బావగారికి,

కళ్లద్దాలు మార్చాను. గది పదడుగులేనని ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. రోజూ కొంచెం కొంచెం కొరికితే నేను గమనించననుకున్నారా? అయినా మీరు మగపిల్లాడి తండ్రి, ఆ మాత్రం ఉండాలి లెండి. ఆడపిల్ల తండ్రికి గదెందుకు? తలుపు వెనక ఒక కొక్కెం చాలు, చొక్కాతో పాటు నన్నూ తగిలించండి.

ఇంకో సంగతి. మీ గదికీ నా గదికీ నడుమ కొత్తగా నాలుగడుగుల సందు పుట్టింది. అందులో ఒక వాష్‌బేసిన్. దాని ఎత్తు ఎంత వేశారో తెలుసా? అడుగున్నర! ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత పొట్టి బేసిన్‌కు నేను నీళ్లివ్వలేదు. ఎవరికండీ అది?

ఇట్లు,
పదడుగుల వియ్యంకుడు

తా.క.: పిల్లికైతే మొహమాటపడకుండా చెప్పండి, వేడినీళ్ల లైను కూడా ఇస్తాను.

---

బావగారికి,

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది మీ ఉత్తరం. చదివాక అనుమానం వచ్చి నా ఫైలు నేనే కొలిచాను. పన్నెండడుగులుండాల్సిన నా గది తొమ్మిదిన్నర! నా గదిని నేనే తింటానా? తాళం ఎలా తీశారో గానీ, నా గోడ జరిపి, ఎవరికీ అనుమానం రాకుండా మీ గోడ కూడా కాస్త జరుపుకున్నారు. ఈ తెలివి గొట్టాల పాలైపోయింది, ఏం చేస్తాం!

బేసిన్ గురించి నన్నడుగుతారేం? నీళ్లున్న చోటల్లా మీ రాజ్యమే కదా. వంగకుండా మోకాళ్లు కడుక్కోవడానికి పెట్టుకున్నారేమో అనుకున్నాను.

కోడలి చేత పాస్‌వర్డ్ మళ్లీ మార్పించాను. మన ఉత్తరాలు మోసి మోసి ఆ పిల్ల నీరసపడిపోయింది. పొద్దున్నే కళ్లు తిరుగుతున్నాయంటోంది. ఆ పాపం మీదే.

ఇట్లు,
తొమ్మిదిన్నర అడుగుల వియ్యంకుడు

తా.క.: ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బయటి దొంగను పట్టడానికి నేను చాలు.

---

అయ్యా,

నా గది ఇప్పుడు తొమ్మిదడుగులు. నేను రావడం మీకిష్టం లేదని అడుగడుగునా చెబుతున్నారు. అర్థమైంది.

ఆవిడ పోయిన దగ్గర్నుంచి ఈ అద్దె గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. గోడతో మాట్లాడుకునే అలవాటు కూడా అయింది, మీ గోడల్లా కాదు, ఇది కదలదు. "నాన్నా, నీ గదికి పొద్దుటి ఎండ పడేలా కిటికీ పెట్టిస్తున్నాం" అని అమ్మాయి అన్న రోజు సంతోషంతో నాకు ముద్ద దిగలేదు. ఖాళీ చేస్తానని ఇంటాయనకు చెప్పేద్దామనుకున్నాను. ఇక చెప్పను. బాధగా ఉంది బావగారూ, దాచుకోవడం చేతకాదు.

బాధ వేరు, గొట్టం వేరు. మురుగునీటి గొట్టాన్ని మీ మంచం తలవైపు గోడలోంచి తిప్పాను. మీరు ముట్టుకోకుండా నా ఫైలుకూ తాళం వేయించాను. అమ్మాయే వేసింది.

ఇట్లు,
ఎవరికీ ఏమీ కానివాడు

తా.క.: పై అంతస్తులో ఎవరు బకెట్టు ఒంపినా మీ చెవిలో జలపాతం దూకుతుంది. నా గుర్తుగా ఉంచుకోండి.

---

నాన్నకు, మామయ్యగారికి,

ఒకటే ఉత్తరం, రెండు కాపీలు తీశాను. లేకపోతే ఎవరికి ముందు అందిందని మళ్లీ మొదలుపెడతారు.

గోడలు జరిపింది నేను. మామయ్యగారు మధ్యాహ్నం కునుకు తీసే వేళ, రోజుకు ఆరంగుళాల చొప్పున. ఒక్కసారే జరిపితే ఇద్దరూ నా మీద పడతారనుకున్నాను. మీరు ఒకరి మీద ఒకరు పడ్డారు. తాళం వేయమన్నప్పుడల్లా వేశాను, తీశాను, జరిపాను, మళ్లీ వేశాను. కంచే చేను మేసింది, క్షమించండి.

ఒక్కో గదిలో మూడడుగులు తీసుకున్నాను. మీరు సందు అంటున్నది సందు కాదు, ఆరడుగుల గది. ఆ బేసిన్ పిల్లికి కాదు నాన్నా. మోకాళ్లకూ కాదు మామయ్యగారూ. అది వాడుకునే మనిషి రావడానికి ఇంకా ఆరు నెలలుంది. దాని ముందు నిలబడి చేతులు కడుక్కోవడానికి ఆ తర్వాత ఏడాదిన్నర పడుతుంది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దని డాక్టరమ్మ అంది. నిన్నటితో నిండింది.

నాన్నా, నువ్వు ఖాళీ చేస్తున్నావని ఇంటాయనకు నేనే చెప్పేశాను. పొద్దుటి ఎండ కిటికీ అలాగే ఉంది. దాన్ని అంగుళం కూడా కదపలేదు. మామయ్యగారి మంచం దగ్గర గొట్టం మాత్రం తీసేశాను. మేస్త్రీకి ఈ డ్రాయింగులే ఇచ్చాను.

ఇట్లు,
మీ ఇద్దరి తాళంచెవి

తా.క.: కొత్త గదికి రెండు తలుపులు పెట్టాను. ఒకటి నాన్న గదిలోకి, ఒకటి మామయ్యగారి గదిలోకి. లోపలి నుంచి ఏడుపు వినిపించినప్పుడు ఎవరు ముందొస్తారో చూస్తాను. ఆ రెండింటికీ గడియలు పెట్టలేదు, పాస్‌వర్డ్ అడక్కండి.