ఐలిఫ్ బావ కోటు

స్కార్వ్‌హోల్మ్ దీవి,
ఉత్తర నార్వే, మే నెల

చిరంజీవి టోర్గేర్‌కి,

అక్క ఓలౌగ్ దీవెనలు. ఇక్కడ గాలి, వాన, నేను క్షేమం. బాతులే రాలేదు.

ఏటా ఈపాటికి సముద్రం మీది ఈడర్ బాతులు ఒడ్డెక్కి మన రాతి గూళ్ళలో గుడ్లు పెట్టేసేవి కదా. ఈ ఏడూ నాచు ఎండబెట్టి గూళ్ళన్నిటిలో మెత్తగా పరిచాను. చప్పుడుకి బెదురుతాయని గిన్నె జారవిడవలేదు, తలుపు దబాలున వెయ్యలేదు, ఫోను తీసి పెట్టె అడుగున పడేశాను. ప్రతి వసంతంలో కప్పుకునే ఆకుపచ్చ శాలువానే కప్పుకున్నాను. అవి ఒడ్డుదాకా వస్తాయి, మెడలు చాచి నా వెనక ఎవరో ఉన్నట్టు చూస్తాయి, మళ్ళీ నీళ్ళలోకి పోతాయి.

మీ బావ కోటు కోసంరా. పెళ్ళైన నాటినుంచీ గూళ్ళ దగ్గరికి ఆయన ఆ ఆవపిండి రంగు కోటు తప్ప ఇంకోటి వేసుకెళ్ళలేదు. ఆయన పోయాక మేకుకి వేలాడే దాన్ని చూడలేక, చర్చి ఆడవాళ్ళ సంతకి ఇచ్చేశాను. పడవ దిగి ఇంటికి రాకముందే ఎందుకిచ్చానా అని ఏడ్చాను. ఎవరు కొన్నారో కనుక్కో నాయనా. ఆ గూళ్ళు నిండితేనే ఆయన ఇంకా ఉన్నట్టు నాకు.

నీ అక్క,
ఓలౌగ్

తా.క.: నువ్వు పడవలో తిప్పే పిట్టల ఫొటోల యాత్రవాళ్ళని ఇటు తీసుకురాకు. పోయినేడు ఒకాయన తుమ్మాడు. ఆ తుమ్ముకి లేచిన బాతు ఇంకా దిగలేదు.

*

అక్కకి,

తమ్ముడు టోర్గేర్ నమస్కారాలు. నేను బాగున్నాను, పడవ బాగుంది, ఇంజను సంగతి అడక్కు.

కోటు సంగతి విచారించాను. ఎవరో కొనుక్కుపోయారట. పోయినదాని కోసం బెంగ పెట్టుకోకు. అయినా బాతులకి బట్టలేం తెలుస్తాయక్కా? అవేమైనా దర్జీలా? నీకు చలికి కోటు లేదని నా మనసు పీకి, మా అతిథులకిచ్చే కొత్త ఎర్ర కోటు ఒకటి పంపుతున్నాను. పొగమంచులో కూడా దూరంనుంచి భగభగా కనిపిస్తుంది!

మా యాత్ర మొదలైంది. అతిథుల్ని ఉత్తరపు రాతి దిబ్బ మీద దింపాను. హాంబర్గ్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు పొయ్యిగొట్టమంత లెన్సు పట్టుకుని, నీటికుక్క కనిపిస్తే దానికి నోరు తెరవమన్నాడు. నాకైతే ఈ ఏడు ఏదో కలిసొచ్చింది. ఇన్నేళ్ళూ పిట్టల వెనక నేను పడ్డాను, ఇప్పుడు పిట్టలే నా వెనక పడుతున్నాయి. అతిథులు నన్ను మంత్రగాడంటున్నారు.

నీ తమ్ముడు,
టోర్గేర్

తా.క.: ఎర్ర కోటు జేబులో చాక్లెట్ ఉంది. నీకు, బాతులకి కాదు.

*

టోర్గేర్‌కి,

దీవెనలు ఈసారికి వాయిదా.

నేను చలికి కోటడిగానా? పొట్లం విప్పి ఆ ఎర్రదాన్ని గుమ్మంలో ఒక్కసారి దులిపాను. ఒడ్డున మిగిలిన ఆ కాసిని బాతులూ గుండె ఆగినంత పనై లేచి, తిన్నగా ఉత్తరానికి పోయాయి. ఉత్తరాన ఎవరున్నారు? నువ్వున్నావు.

టపా పడవ ఆస్‌బ్యోర్న్ అన్నీ చెప్పాడు. నీ దిబ్బ మీద కాలు పెట్టే చోటు లేకుండా నా బాతులేనట. ఏం మేత వేస్తున్నావురా? మీ బావ గోళ్ళు ఊడేలా రాయి మీద రాయి పేర్చి కట్టిన గూళ్ళు ఇక్కడ బోసిపోతుంటే, పళ్ళ డాక్టరు ముందు మంత్రగాడివయ్యావా? సొంత అక్క దగ్గరా దొంగతనం? నీకిది న్యాయంగా ఉందా?

ఓలౌగ్

తా.క.: చాక్లెట్ తిన్నాను. అంతమాత్రాన రాజీపడ్డట్టు కాదు.

*

అక్కకి,

దీవెనలు లేకపోయినా నా నమస్కారాలు నీకున్నాయి.

నేను దొంగనా? ఒక్క రొయ్య తల కూడా విసరలేదు. వద్దన్నా వస్తున్నాయి. ఒకటి ఏకంగా నా తాళ్ళ బుట్టలో గుడ్లు పెట్టుకు కూర్చుంది. లంగరు వెయ్యడానికి దాన్ని బతిమాలుకోవలసి వస్తోంది! బావ పోయినప్పటినుంచీ నీకెలా ఉందో నాకు తెలియదా? నాకూ ఉన్నది ఒక్క బావే. ఆయన బాతుల్ని నేను కాజేస్తానా?

నా మాట నమ్మకపోతే ఫొటో చూడు. డాక్టరు తీసింది, నిన్ననే అందింది, అలాగే కవర్లో పెట్టేస్తున్నాను. నా రెండు చేతులూ చూడు. మేత ఉందా? ఖాళీ! ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మనసు నొచ్చుకున్న తమ్ముడు,
టోర్గేర్

తా.క.: లావయ్యావనకు. అది పొట్ట కాదు, గాలికి బట్ట ఉబ్బింది.

*

నా పిచ్చి తమ్ముడు టోర్గేర్‌కి,

అక్క దీవెనలు, పాత బాకీతో సహా.

చేతులు చూడమన్నావు. నేను చేతులు చూడలేదురా, మోచెయ్యి చూశాను. అక్కడ నీలం దారంతో వంకరగా వేసిన అతుకుంది. ఆ అతుకు నేనే వేశాను, కుట్టేటప్పుడు మీ బావ కోటు విప్పనని మొండికేస్తే వంకర పోయింది.

సంతలో కొన్నది నువ్వేనన్నమాట. కనబడితే ఏడుస్తానని దాచావు. దాచినవాడివి చక్కగా మేకుకి తగిలించుకోక, ఒంటికి తగిలించుకుని బాతుల మధ్యకి వెళ్ళావు. మాట్లాడితే దర్జీలా అని వెక్కిరించావు. నిన్ను తిట్టి ఏం లాభం, ముందు ఇచ్చేసింది నేను. ఆ పూట ఆ మేకు వంక చూడకుండా కాస్త ఓర్చుకుని ఉంటే సరిపోయేది. ఇన్నాళ్ళూ అవి గూళ్ళ కోసం వస్తున్నాయనుకున్నాను. ఆయన కోసం వచ్చేవి.

ఇది చదివి కంగారుపడి కోటు పంపేస్తావు, పంపకు. అవి గుడ్ల మీద కూర్చున్నాయి. ఇప్పుడు ఆ కోటు కదిలితే గుడ్లు వదిలేసి పోతాయి. పిల్లలు నీళ్ళలోకి దిగేదాకా నువ్వు ఆ దిబ్బ దిగడానికి వీల్లేదు. యాత్రలు మానెయ్. డాక్టరుని ఇంటికి పంపు. పాడకు, తుమ్మకు, ఇంజను జోలికి పోకు.

గూళ్ళలో పరిచిన నాచంతా మూటగట్టాను. ఈ ఏడాదికి ఇక్కడ దానితో పనిలేదు. ఆ మూట, కాఫీ, ఎండుచేప వేసుకుని తెడ్ల పడవలో వస్తున్నాను. ఆకుపచ్చ శాలువా కప్పుకునే వస్తాను. పక్కన నువ్వు ఆ కోటుతో నిలబడు. ఎప్పటిలా మేమిద్దరం వచ్చామనుకుంటాయి.

నీ అక్క,
ఓలౌగ్

తా.క.: కోటు ఉతకకు. కాలరు దగ్గర ఆయన పైపు పొగాకు వాసన ఏమైనా మిగిలిందేమో చూసుకోవాలి. ఆ కాసేపూ నువ్వు అటు తిరిగి ఉండు.