ఆరోగ్యవంతురాలి ఊపిరి

పరిశోధనశాల పెద్దసారుకి నమస్కారం.

మీ గదులు తుడిచే మా ఆవిడ పోయి నేటికి నెల. మీరు పంపిన సంతాపం కాగితం అందింది.

రోజూ పొద్దున్నే తనని పిలిచి ఒక సంచిలోకి ఊదమనేవారు కదా. వెంట్రుకలో వెయ్యో వంతు పొరతో చేసిన మీ సెన్సర్లు ఊపిరిని బట్టి క్యాన్సర్‌ని ముందే పసిగడతాయనీ, ముందుగా జబ్బులేని మనిషి ఊపిరి చూపించి మెషీన్‌ని సున్నా దగ్గర నిలబెట్టాలనీ తనే చెప్పింది. "అందరికంటే గట్టిదాన్ని నేనేనట!" అని తెగ మురిసిపోయింది. దగ్గొస్తే ఫినాయిల్ పడలేదనుకుంది.

ఊపిరితిత్తుల్లో గడ్డ రెండేళ్ల నాటిదని చివర్లో డాక్టరు చెప్పాడు. మీ సంచి మొదలై ఏడాదే.

నేను కాటాలు బాగుచేసేవాణ్ణి. తూకం రాయే తప్పైతే తూచిందంతా తప్పేనని నాకు తెలుసు. మా ఆవిడ జబ్బే మీ మెషీన్‌కి సున్నా అయింది. అదే జబ్బుతో వచ్చినవాళ్లని ఏమీ లేదని పంపేసి ఉంటుంది. మా పక్కింటి డ్రైవరు కూడా మీ దగ్గర ఊది నవ్వుకుంటూ వచ్చాడు. ఇప్పుడు అతని దగ్గు గోడ ఇవతలికి వినిపిస్తోంది. అతనికి ఏమని చెప్పను?

వాళ్లందరినీ వెనక్కి పిలవండి. మా ఆవిడ ఊదిన సంచి ఒక్కటైనా మిగిలుంటే పారేయకండి. దాని మీద 'ఆరోగ్యం' అన్న చీటీ పీకేసి, జబ్బు పేరు రాసి, మెషీన్‌కి మళ్లీ చూపించండి.

ఈసారైనా గుర్తుపట్టనివ్వండి.

ఇట్లు,
ఆ మురిపెం చూసి తనూ నమ్మిన భర్త