అమ్మ వాసన గుడ్డ – ఒకటి

నాన్నకు,

నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. నీ ఓడ ఏ రేవులో ఉన్నా నువ్వూ క్షేమంగానే ఉన్నావని తలుస్తాను. అమ్మ పోయిన ఈ ఏడు నెలలూ "నేను క్షేమం" అని రాస్తూ వచ్చాను. రాసిన ప్రతిసారీ ఆ వాక్యం ఒంటికాలి మీద నిలబడ్డట్టు ఉండేది. ఇప్పుడు కుక్కపిల్ల వచ్చింది కాబట్టి మళ్ళీ "మేము" అని రాసుకునే వీలు దొరికింది. ఇది రాస్తుంటే అది నా కుడికాలి చెప్పు నములుతోంది.

నిన్న నీ ఉత్తరం అందింది. అందులో నాలుగు ప్రశ్నలు అడిగావు. వరసగా జవాబులు రాస్తాను, నాలుగోదానికి మాత్రం చివర్లో. ఇంకో తొమ్మిది నెలలకి సంతకం పెట్టాలా, వచ్చే నెల ఓడ దిగి ఇంటికి రావాలా అన్నది తేల్చుకోలేకపోతున్నానని కూడా రాశావు. ఆ సంగతీ చివర్లోనే.

మొదటిది, తింటున్నానా అని. తింటున్నాను. ఓడలో ముప్పై మందికి వండిపెట్టేవాడికి కూతురి తిండి గురించి బెంగ ఉండటం న్యాయమే. కాకపోతే ఉప్పు ఎక్కువైందో తక్కువైందో నాకు తెలియడం లేదు. మొన్న కూరలో రెండుసార్లు వేశానట. కింది అంతస్తు పిన్ని, అదే మన రేడియో పిన్ని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "సముద్రంలో ఉన్నది మీ నాన్నా, నువ్వా?" అంది. తర్వాత ఆ మాటే మెట్ల మీద ఎదురైన వాళ్ళందరికీ చెప్పి నవ్వించింది. నేనూ నవ్వాను, నవ్వాల్సిన చోటని తెలుసు కాబట్టి.

రెండోది, వంటింటి కొళాయి. బాగు చేయించాను. ప్లంబరు వచ్చి వాషరు మార్చి, "ఇన్నాళ్ళూ ఈ చప్పుడు ఎలా భరించారమ్మా?" అన్నాడు. నీళ్ళు కారుతున్నాయని తెలుసు కానీ చప్పుడవుతోందని నాకు తెలియదు. నిజంగానే తెలియదు నాన్నా.

షాపులోనూ ఇంతే. నా పని నీకు తెలుసుగా, కళ్ళద్దాలు పెట్టి చూసి, ముక్కు మీద దిగుతోందా, చెవి వెనక నొక్కుతోందా అని అడిగి ఫ్రేము సరిచేయడం. మనిషి కుర్చీలో కూర్చోగానే ఎక్కడ నొక్కుతోందో చెప్పేస్తున్నానని ఓనరుగారు మెచ్చుకుంటారు. వెంటనే "కాస్త నవ్వమ్మా, కొనేవాళ్ళు భయపడుతున్నారు" అంటారు. ఊళ్ళోవాళ్ళ నొప్పులన్నీ నా వేళ్ళకి తెలుస్తాయి. నాకే ఎక్కడా నొప్పి తెలియడం లేదు. అమ్మ పోయిన రోజు నుంచీ ఒళ్ళంతా, పన్ను పీకే ముందు మత్తుమందు ఇచ్చిన చిగురులా ఉంది.

మూడోది, కుక్కపిల్ల. ఇంట్లో నాకో తోడు ఉండాలని నువ్వు పట్టుబట్టావు కాబట్టి తెచ్చాను. నాకంటూ కావాలనీ లేదు, వద్దనీ లేదు. పశువుల డాక్టరమ్మ ఆస్పత్రిలోనే ఒక గోధుమరంగు కుక్క ఆరు పిల్లల్ని పెట్టింది. అందులో ఎడమ చెవి నిలబడి, కుడి చెవి వాలిపోయి ఉన్నదాన్ని కాంపౌండరు నా చేతిలో పెట్టాడు. ఎంచుకోమంటే నేను ఎంచుకోలేకపోయాను.

కావలసిన సామానంతా నువ్వు ముందే పంపిన లిస్టు ప్రకారం సిద్ధం చేశాను. నీ లిస్టు చూసి రేడియో పిన్ని "ఇదేంటే, కుక్కపిల్లని తెస్తున్నారా, ఓడకి సరుకు ఎక్కిస్తున్నారా?" అంది. దానికి నవ్వు రావలసిందే. గిన్నెలు – బరువైనవి – 2. పెట్టె – పక్కలు ఎత్తు – 1. మెడపట్టీ – రెండు వేళ్ళు దూరాలి – 1. తాడు – పొట్టిది – 1. పాత పేపర్లు – ఒక కట్ట. రబ్బరు బొమ్మ – 2. ఓడ స్టోరు పుస్తకం రాసీ రాసీ నీకు మాటల్లో కూడా పొదుపు అలవాటైపోయింది. అమ్మ ఎప్పుడూ అనేది కదా, మీ నాన్న ప్రేమలేఖ రాసినా కిలోల్లెక్కనే రాస్తాడని.

గిన్నెలు మట్టివి తెచ్చాను, తన్నినా కదలవు. పెట్టె మా షాపుకి అద్దాలొచ్చిన చెక్కపెట్టె, మేకులన్నీ పీకి అంచులకి గరుకుకాగితం రుద్దాను. మెడపట్టీ ఫ్రేము బిగించినంత జాగ్రత్తగా పెట్టాను, రెండు వేళ్ళు సరిగ్గా దూరుతున్నాయి. రబ్బరు బొమ్మల్ని అది ఇంతవరకూ కన్నెత్తి చూడలేదు. చెప్పులంటేనే ఇష్టం.

రాత్రుళ్ళు ఏడుస్తోందా అని అడిగావు. ఏడవలేదు. ఒక్క రాత్రి కూడా ఏడవలేదు. నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చేశాను, ఇక తప్పించుకోలేను.

స్వెటరు భద్రంగా ఉందా అని అడిగావు. ఆస్పత్రికి వెళ్తూ అమ్మ కుట్టుమిషను కుర్చీకి తగిలించి వెళ్ళిన బూడిదరంగు స్వెటరు. నువ్వప్పుడు సముద్రం మధ్యలో ఉన్నావు. రేవు చేరేసరికి అంతా అయిపోయింది, ఇప్పుడు దిగి చేసేదేముందని అక్కడే ఉండిపోయావు. ఆ రోజు ఫోనులో నువ్వు అన్నది ఒక్కటే మాట, "అది ఉతక్కమ్మా, కవరులో పెట్టి ముడెయ్యి, దాని వాసన నాకు కావాలి" అని. ముడేసి బీరువాలో పెట్టాను. నిన్నటి ఉత్తరంలో "స్వెటరు కోసమైనా ఈసారి దిగుతాను" అని రాశావు.

నీ లిస్టులో ఆఖరి వరస గుర్తుందా నాన్నా? "అమ్మ వాసన గుడ్డ – 1 – తప్పనిసరి."

నేను ఆ వరస చాలాసేపు చూశాను. నాన్న మనసు గట్టి చేసుకున్నాడనుకున్నాను. దాచుకున్నది చాల్లే, ప్రాణమున్న దానికి పనికిరానీ అనుకున్నావేమో, నోటితో చెప్పలేక లిస్టులో రాశావేమో అనుకున్నాను. నువ్వు అలాంటి మనిషివేగా. ఈ ఇంట్లో అమ్మ అంటే ఒక్కరే. ఇంకో అమ్మ ఉంటుందని నా బుర్రకి తట్టలేదు.

బీరువా తెరిచి కవరు ముడి విప్పాను. విప్పగానే అమ్మ వచ్చి నా పక్కన నిలబడింది. అంతకన్నా ఎలా రాయాలో తెలియడం లేదు. ఎవరైనా అయితే అక్కడే కూలబడి ఏడ్చేవాళ్ళు. నేను స్వెటరుని నాలుగు మడతలు పెట్టి పెట్టెలో పరిచి, దాని మీద కుక్కపిల్లని పడుకోబెట్టి, షాపుకి టైమవుతోందని వెళ్ళిపోయాను.

అది స్వెటరు మెడ అంచులో మూతి దూర్చి మూడు రాత్రులు హాయిగా పడుకుంది. నాలుగో రోజు పొద్దున స్వెటరు మీదే పాలు కక్కింది, తడిపింది కూడా. బకెట్లో వేడినీళ్ళు పోసి, సబ్బుపొడి వేసి, నానబెట్టి, ఉతికి ఆరేశాను. క్లిప్పులు కూడా పెట్టాను.

ఆ మధ్యాహ్నమే టీకా వేయించడానికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద నిలబెట్టి, "తల్లి గుడ్డ ఇవ్వడం మావాడు మర్చిపోయాడు, ఏమనుకోకండి. రాత్రుళ్ళు ఏడ్చి మిమ్మల్ని చంపి ఉంటుందే?" అంది.

"ఏడవలేదండీ."

"అస్సలు?"

"అస్సలు ఏడవలేదు. మా నాన్న రాసినట్టే అమ్మ వాసన గుడ్డ వేశాను."

ఆవిడ సిరంజి బల్ల మీద పెట్టేసింది. "ఏ అమ్మది?" అంది.

అప్పుడు అర్థమైంది. బల్ల కింద గోధుమరంగు తల్లి కుక్క పడుకుని ఉంది. దాని ఒంటికి రుద్దిన గుడ్డ అన్నమాట. "దాని" అన్న ఒక్క మాట నువ్వు రాయలేదు. సరుకుల లిస్టులో అలాంటి మాటలు అక్కర్లేదు కదా. నీదేం తప్పు లేదు. చదువుకున్నదాన్ని, ఒక్కసారి అడిగి ఉండాల్సింది.

ఇంటికొచ్చి తీగ మీద స్వెటరుని మొహానికి ఆనించుకున్నాను. సబ్బు వాసన, ఎండ వాసన. అంతే.

రేడియో పిన్నికి చెప్పాను. వింటూనే ఆవిడ పొయ్యి కట్టేసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఏడవకు" అంది, నేను ఏడవకపోయినా. "మీ అమ్మ పౌడరు డబ్బా ఉందిగా, తలనూనె ఉందిగా. కాస్త చల్లు, రెండు చుక్కలు రాయి, మళ్ళీ కవరులో కట్టెయ్యి. మగాళ్ళకేం తెలుస్తుందే? పాపం, ఆయనైనా ఇంటికొస్తాడు" అంది.

ఇది కూడా ఒప్పుకోవాలి నాన్నా, నేను ఆ పని చేశాను. కాలరుకి పౌడరు, మెడకి నూనె, కుడిచేతి అంచుకి మిషను నూనె కూడా రాశాను, పిన్నికి తట్టనిది. కవరులో కట్టి ఒక రోజంతా ఉంచి విప్పి చూశాను. అమ్మ సొరుగు వాసన వచ్చింది. అమ్మ రాలేదు.

నువ్వు మోసపోతావు. అది నాకు తెలుసు. సంవత్సరం పైనే అయింది నువ్వు అమ్మని చూసి. కవరు విప్పి మొహం దాచుకుని "మీ అమ్మేనే" అంటావు. నేను పక్కన నిలబడి ఊ కొట్టాలి. అది నా వల్ల కాదు. అందుకే మళ్ళీ ఉతికేశాను. స్వెటరు ఉంది, అందులో ఏమీ లేదు. నీకోసం దాచమన్న ఒక్కటే వస్తువుని నా చేతుల్తో పాడు చేశాను. క్షమించమని అడగాలి. అడుగుతున్నాను, కానీ ఆ మాట కూడా లోపల ఎక్కడా తగలకుండా బయటికి వస్తోంది.

ఏడు నెలల్లో నువ్వు తొమ్మిది ఉత్తరాలు రాశావు. తొమ్మిదింటిలోనూ స్వెటరు ఎలా ఉందని అడిగావు. నేనెలా ఉన్నానని ఒక్కదాంట్లోనూ లేదు. తింటున్నానా అని ఉంది, అది వేరు. ఇది దెప్పడం కాదు. కోపం వచ్చి దెప్పగలిగితే ఎంత బాగుండునో.

ఈ ఉత్తరం చదివి నువ్వు తొమ్మిది నెలలకి సంతకం పెట్టేస్తావేమో. ఇప్పుడే, ఈ వాక్యాన్ని రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను. రాత చూస్తే నీకే తెలుస్తుంది. ఇన్నాళ్ళకి నాకు ఒక భయం తెలిసింది.

స్వెటరు కోసం దిగక్కర్లేదు నాన్నా. ఇంట్లో అమ్మ వాసన లేదు. నేనున్నాను. దిగు.

ఇట్లు,
నువ్వొచ్చేదాకా తలుపు గడియ పెట్టని
నీ కూతురు