మా వంతు దెబ్బలు

బందరు ఇన్‌స్పెక్టరు గారికి,

నేను నాగాయలంక పల్లెపాలెంలో ఉండే నాగిడి పాపాయమ్మను. డెబ్బై ఏళ్ళు దాటాయి. కోడలూ నేనూ చేపలమ్ముకుని బతుకుతున్నాం. నేను చెబుతుంటే పోస్టుమాస్టరు గారు రాస్తున్నారు.

బడిపిల్లలు ముసలివాళ్ళకు ఉత్తరాలు రాయాలని మీ ఊరి బడిలో ఏర్పాటు చేశారు. నా వంతుకు భ్రమరాంబ అనే పిల్ల వచ్చింది. "అవ్వా, నాన్న అమ్మను జుట్టుపట్టి గోడకేసి కొడుతున్నాడు. మీ ఊళ్ళో అయితే ఏం చేస్తారు?" అని అడిగింది. ఉన్నమాటే రాయించాను: "ఆడవాళ్ళం పదిమందిమి పోయి, తెడ్డుతో తలా ఒకటి వేస్తామే అమ్మాయ్!"

ఆ ఉత్తరం తల్లికి చదివి వినిపించిందట. వాడు మళ్ళీ చెయ్యెత్తితే ఆమె రోకలి అందుకుందట. ఎంత అరిచినా పక్కవాళ్ళు ఒక్కరూ తలుపు తీయలేదు. అందుకని పదిమంది దెబ్బలూ ఒక్కతే వేసింది. వాడి కాళ్ళు విరిగాయి, తల పగిలింది. ఆమెను మీరు లాకప్పులో పెట్టారని నిన్న పిల్ల రాసింది.

అయ్యా, అందులో ఒక్క దెబ్బే ఆమెది. మిగతా తొమ్మిదీ మావి. ఆమెను బిడ్డ దగ్గరికి పంపండి. రేపు పొద్దున బస్సుకు మేం వస్తున్నాం, ఆమె బదులు మమ్మల్ని లాకప్పులో పెట్టుకోండి. వాడు మళ్ళీ లేచి నడిస్తే మాత్రం ముందు మాకే కబురు చేయండి.

నాగిడి పాపాయమ్మ వేలిముద్ర

సాక్షులు, నాతో బస్సెక్కేవాళ్ళు: కోటమ్మ, నాంచారమ్మ, పేరమ్మ, గంగమ్మ, రత్తమ్మ, వీరమ్మ, దానమ్మ, నా కోడలు మంగమ్మ.