గొట్టం మూతికి పసుపు

ఆదివారం రాత్రి, మాచర్ల

తుపాకులను, తుప్పును, తండ్రులను పరిపాలించు సమస్త అధికారులకు సవినయముగా విన్నవించునది:

ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించిన నాన్న లైసెన్సు తుపాకీ ఇంటికి తిరిగివచ్చింది. గొట్టం మూతి లోపల తుప్పు కనిపించింది. "టేసనోళ్లే పాడుచేశారు. అంత చదివావు గదా, గట్టిగా ఒక ఫిర్యాదు రాయి" అని నాన్న ఆజ్ఞాపించాడు.

ముందుగా శుభ్రం చేయించుదామని, తుపాకులు బాగుచేసే మస్తాన్ మామ దగ్గరికి తీసుకువెళ్లాను. తూటా లేదని ఆయన రెండుసార్లు చూసుకున్నాడు. నేను సాయంగా ఇనుప చువ్వ అందించాను.

"దాంతో గీతలు పడతయ్యి అల్లుడా. ఇత్తడి బ్రష్షు, నూనె గుడ్డ చాలు. అదీ వెనకనుంచే తొయ్యాల."

తరువాత గుడ్డకంటిన పసుపు మరక చూపించాడు.

"ఇదేంది? దసరా పూజకి తడి పసుపు మూతికి పూసి, తుడవకుండా పెట్టెలో పెడతన్నాడా మీ నాయన? పోలీసోళ్లని తిట్టబాకండి."

నాకేమీ పాలుపోవడం లేదు. నిజం చెబితే నాన్న ఇన్నేళ్ల భక్తి నేరమవుతుంది. చెప్పకపోతే, తప్పు చేయని స్టేషనుపై నా సంతకంతో ఫిర్యాదు వెళుతుంది. వచ్చే దసరాకు గొట్టం మళ్లీ పసుపు పూసుకుంటుంది. ఇందాక నాన్న వచ్చి "రాస్తన్నావా?" అని అడిగాడు. రాస్తున్నానన్నాను. అబద్ధం కాదు గదా...

కావున నమోదు చేయు డిమాండు, సంఖ్య 1: ఇకమీదట బొట్టు గొట్టం మూతికి గాక, తుపాకీ వెనకనుండు చెక్క మడమకే పెట్టవలెనని మా నాన్నకు తెలియజేయుటకు, నేను కాని మనిషిని ఒకరిని తక్షణమే నియమించవలెను.