పెద్దాయన ఉన్నన్నాళ్ళూ గొంతెత్తను

సోమవారం, పొద్దున్నే

ఈ డైరీ తెరిచినవాడా, నిన్నే అడుగుతున్నాను. ఎందుకూ పనికిరాని ప్రాణాన్ని ఒక్కదాన్నైనా ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టావా?

నిన్న ప్రార్థన కూడికలో, ప్రసంగం మధ్య ఇదే ప్రశ్న వేశాను. వెనక వరసలోంచి ప్లంబరు లేచి, "మీ ఇంట్లో ఎన్నున్నాయి అయ్యగారూ?" అన్నాడు. "ఒకటుంది" అంది మా ఆవిడ, నన్ను చూస్తూ. గదంతా నవ్వింది.

కూడిక అవగానే తిన్నగా కుక్కల ఆశ్రమానికి వెళ్ళాను. యజమానులు వదిలేసిన ముసలి కుక్కల్ని, పెంచుకునేవాళ్ళు దొరికేదాకా మనలాంటివాళ్ళు ఇంట్లో ఉంచుకోవచ్చట. ఆశ్రమం మేడమ్ ఆఖరి వరస చూపించింది. అన్నీ సిమెంటు గదులు. నన్ను చూసి ఒక్కటే లేచి నిలబడింది. దాన్నే తెచ్చాను. మా ఆవిడ గుమ్మంలో చూసి, "రండి పెద్దాయనా" అంది. పేరు కుదిరింది.

జబ్బేమిటని అడిగితే మేడమ్, "తెలీదండీ. ఏదో ఉంది" అంది. ఏదో ఉన్నవాళ్ళ కోసమే కదా నా సేవంతా.

సోమవారం, సాయంత్రం

టైర్ల కొట్టు మూసి వచ్చి, ఆదివారం ప్రసంగానికి సాధన మొదలుపెట్టాను. మా ముందుగదిలోనే కూడిక. నేలంతా చెక్క పలకలు. నా ప్రసంగంలో గొంతు సగం, కాలు సగం. దేవుడి తీర్పు దగ్గరికి వచ్చేసరికి గర్జించి, కాలు నేలకేసి కొట్టాను. పెద్దాయన నాలుగు కాళ్ళూ మడతపడి దబ్బున కూలిపోయాడు.

ఎత్తుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగు. దారిలో కళ్ళు తెరిచాడు. ఆవిడ గుండె విన్నది, నాలుక చూసింది.

"గుండె కావచ్చు. మూర్ఛ కావచ్చు. వయసు కావచ్చు."

"ఏదో ఒకటి ఖాయం చెయ్యండమ్మా, దాని మీద ప్రార్థన చేసుకుంటాను."

"మూడింటి మీదా చేసుకోండి. పడినప్పుడు ఏం జరుగుతోంది?"

"తీర్పు గురించి చెబుతున్నాను."

"అరిచారా?"

"ప్రసంగించాను."

"ఇంట్లో అది మానెయ్యండి."

మేడమ్‌కి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆదివారం వచ్చి చూస్తానంది. మా ఇల్లు పెద్దాయనకి పడదనిపిస్తే వెనక్కి తీసుకెళ్ళిపోతుందట. ఆ సిమెంటు గదికి.

పరిశుద్ధ గ్రంథం మీద చెయ్యి పెట్టి తీర్మానం చేశాను. పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఈ ఇంట్లో గొంతెత్తను. కాలు కదపను.

మంగళవారం

దివ్యమైన రోజు. అంతా గుసగుసలే. ఇన్నేళ్ళూ ఊరికే గొంతు చించుకున్నాననిపించింది.

మా ఆవిడ: "ఏమండీ, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది."

"నా మీద కోపమా?"

"లేదు."

"లేకపోతే ఒకసారి అరవండి. నాకు భయమేస్తోంది."

మధ్యాహ్నం కొట్లో గ్రంథం తీసి, కుక్కల గురించి మంచి మాటేదైనా ఉందేమోనని వెతికాను. పేజీలకు గ్రీజు మరకలు అంటుకున్నాయి గానీ మెచ్చుకోలు దొరకలేదు. గాడిదకున్న గౌరవం కూడా లేదు. ముసలివాళ్ళ గురించి మాత్రం బోలెడుంది. పెద్దాయన ముసలివాడే. చాలు.

బుధవారం

పెద్దాయనకి నిద్ర లేదు. గదంతా తిరుగుతూనే ఉన్నాడు, దగ్గుతూ. చప్పుడు ఇంకా ఎక్కువైందేమోనని గోడ గడియారం ఆపేశాను. కుక్కర్‌కి సెలవు ఇచ్చాను. తలుపు కీళ్ళకి నూనె రాశాను. ఇంట్లో ఉన్నది ప్రార్థన నూనె ఒక్కటే. తలుపు ఇప్పుడు ఎంతో భక్తిగా తెరుచుకుంటోంది.

గురువారం

పెద్దాయన తిండి ముట్టలేదు. ఉపవాసమని గ్రహించి నేనూ పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నానికి ఆయన మనసు మార్చుకుని రెండు ముద్దలు తిన్నాడు. నేను మాత్రం మాట తప్పకూడదని సాయంత్రం దాకా ఉన్నాను. కళ్ళు తిరిగాయి.

ప్లంబరు వంటింటి కుళాయి బాగుచెయ్యడానికి వచ్చాడు. సుత్తికి గుడ్డ చుట్టమన్నాను.

"పైపు బిగించమన్నారా, జోకొట్టమన్నారా అయ్యగారూ?"

శుక్రవారం

చిన్న సవరణ: తీర్మానం ఇంటికే, కొట్టుకి కాదు. గాలి కొట్టే మిషను పక్కన నిలబడి తనివితీరా ప్రసంగించాను. స్కూటరాయన పంక్చరు సగంలో ఉండగానే బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

శనివారం

ఇంకో సవరణ: దిండులోకి అరిస్తే అరుపు బయటికి రాదు. బీరువా తలుపు తీసి చీరల్లోకి అరిచినా అంతే. మా ఆవిడ చూడనే చూసింది.

"చీరలేం పాపం చేశాయండీ?"

పెద్దాయన పక్కటెముకలు బయటపడ్డాయి. కళ్ళు చింతనిప్పులు. నడిచి నడిచి, గోడకి నుదురు ఆనించి ఆగాడు. రేపు మేడమ్ ఈ వాలకం చూసిందంటే అక్కడికక్కడే తీసుకెళ్ళిపోతుంది. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియదు. ఇంతకన్నా మెత్తగా ఎలా బతకాలో తెలియదు. మోకాళ్ళూని, పెదవులు కూడా కదపకుండా బతిమాలుకున్నాను. పైన వినపడిందో లేదో.

ఆదివారం

కూడిక. మేడమ్ కిటికీ పక్కన కూర్చుంది. పెద్దాయన నా పాదాల దగ్గర తూలుతున్నాడు. గుసగుసగా మొదలుపెట్టాను. జనం ముందుకు వంగారు. ఇంకా వంగారు. ముందు వరసలో దర్జీ పెద్దమ్మ వంగి వంగి కుర్చీతో సహా ఒరిగింది.

వెనక నుంచి ప్లంబరు: "అయ్యగారూ, నరకం ఉందా, రద్దయిందా? ఇక్కడికి వినపడట్లేదు."

ఓర్చుకున్నాను.

"రద్దయితే చెప్పండి. రేపట్నుంచి నాకు వేరే పనులున్నాయి."

"ఉంది" అన్నాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కాలు దానంతటదే లేచింది. ఉంది, ఉంది, ఉంది. మాటకో దెబ్బ. పెద్దాయన దబ్బున పడ్డాడు.

నేనూ కూలబడ్డాను. చంపేశాననుకున్నాను. మా ఆవిడ ఏడుపు అందుకుంది. మేడమ్ వచ్చి, పెద్దాయన చెవి పక్కన చప్పట్లు కొట్టింది. పళ్ళెం తెప్పించి, గాల్లో పట్టుకుని గరిటెతో మోగించింది. చెవి కూడా కదల్లేదు.

"దీనికి బ్రహ్మచెవుడండీ."

"మరి పడిపోయాడు కదమ్మా?"

"పడిపోవడమేంటి? గురక వినండి."

అందరూ వరసగా వచ్చి విన్నారు. నిఖార్సైన గురక. మేడమ్ పలకల మీద అరచెయ్యి పెట్టి, నన్ను మళ్ళీ కాలు కొట్టమంది. కొట్టాను. గురక పెరిగింది.

"నేల అదురుతుంటే దీనికి ఉయ్యాల ఊపినట్టుంది" అంది. "వారమంతా ఊపడం మానేశారన్నమాట. నిద్ర లేక ఇలా అయిపోయింది."

"మాకూ అంతే మేడమ్" అన్నాడు ప్లంబరు. "ఆ కాలు మొదలైందంటే నాకూ కళ్ళు మూతపడతాయి."

నా అరుపు ఆయన్ని తాకనే లేదు. నా మౌనమే ఆయన ఒళ్ళు గుల్ల చేసింది.

సోమవారం

డాక్టరమ్మ చెవుడు ఖాయం చేసింది. కూలబడేది నిద్రకేనంది. మరి దగ్గు?

"గుండె కావచ్చు."

"ఎన్నాళ్ళుంటాడమ్మా?"

"నెలలు కావచ్చు. ఏళ్ళు కావచ్చు. రోజూ ఊపండి."

ఊపుతాను. పెద్దాయన కోసం ఇంకెవరూ మా గుమ్మం తొక్కక్కర్లేదు. మావాడే.

ఇంతలో మేడమ్ ఇంకో ముసలి ప్రాణాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఈవిడకి చెవులు మహా పదును. ఎవరైనా తుమ్మితే బల్ల కిందికి దూరుతుంది. జబ్బేమిటంటే మేడమ్‌కి ఇదీ తెలీదు. నేను సరే అనేలోపే మా ఆవిడ రొట్టె ముక్క పట్టుకుని బల్ల కింద ఉంది.

కాబట్టి కొత్త తీర్మానం, గ్రంథం మీద చెయ్యి పెట్టి: గొంతెత్తను. కాలు ఆపను. నేల అదరాలి, చప్పుడు రాకూడదు. ఒకదాని మీద ఒకటి మేజోళ్ళు తొడిగి ఇప్పుడే ప్రయత్నించాను. ఒకరు గురక పెట్టారు. ఒకరు బల్ల కింద నుంచి ముక్కు బయటపెట్టారు.

చదివేవాడా, ఆ ఆఖరి వరసలో ఇంకా ఉన్నాయి. లేచి నిలబడలేనివి. రేపు చూద్దాంలే అనకు. వాటికి రేపు ఉందో లేదో డాక్టరమ్మకే తెలియదు. దీపాలు పెట్టేవేళకి ఆశ్రమం గేటు వేసేస్తారు. ఇంకా వెలుతురు ఉంది. చెప్పులు వేసుకో. వెళ్ళు.