మంచు గుహలో మల్లేశం ఒట్టు

సెప్టెంబర్ 4
మళ్ళీ గడ్డకట్టి చచ్చాను. కంప్యూటర్లో. బయట పటాన్‌చెరు ఎండ మాడుస్తోంది, తెర మీద నా మనిషి మంచు మెట్ల మీద కొయ్యబారి నిలబడ్డాడు. ఆట నేర్పిన కూతురు రమ కాజీపల్లి డ్యూటీకి పోతూ చెప్పింది— ‘బాపూ, దివిటీ లేకుండ లోపలికి పోకు.’ విన్నానా...

సెప్టెంబర్ 6
గుహ గోడలు పైన తెలుపు, లోతుకు పోయేకొద్దీ ఆకుపచ్చ. ఎందుకు? మంచు విరిగే ముందు సన్నగా మూలుగుతుంది. ఇన్నేళ్ళు చదివిన యాత్రా గ్రంథాల్లో ఒక్కడూ ఆ మూలుగు గురించి రాయలేదు. అందరూ తమ ధైర్యం గురించే రాసుకున్నారు.

సెప్టెంబర్ 7
మెట్ల అడుగున తలుపు. మంచులో బిగుసుకుంది. ఇద్దరుండాలి— ఒకరు దివిటీతో కరిగించాలి, ఒకరు తోడేళ్ళను ఆపాలి.
మా కాలేజీ ప్రిన్సిపాల్ గుర్తొచ్చాడు. నాకు రావలసిన కుర్చీ ఎక్కాడు, ఏ పుస్తకమూ చివరిదాకా చదవలేదు. తోడేళ్ళ వైపు నిలబెట్టాలి అతన్ని.

సెప్టెంబర్ 10
రమ ఆటకు జోడీని కుదిర్చింది. హెడ్‌ఫోన్లో దగ్గు వినగానే తెలిసింది— మల్లేశం. నా భార్య లక్ష్మి తమ్ముడు. కొండాపూర్‌లో కూర్చుని ఫోన్లో ఆడుతున్నాడు.
నా రిటైర్మెంట్ విందులో నలుగురి ముందూ ‘బావ పుస్తకాలు చదివిండు గని మనుషుల చదవలే’ అన్నవాడు. నేను బదులిస్తే విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. నా ఇంట్లో నీళ్ళు కూడా ముట్టనని ఒట్టు. అప్పటి నుంచి లక్ష్మి బతుకమ్మకు పుట్టింటికి పోదు. తమ్ముడు ఇక్కడ తిననప్పుడు తానక్కడ ఎట్లా తింటానంటుంది.
హెడ్‌ఫోన్ విసిరేసేవాణ్ణే. కానీ ఆ తలుపవతల...

సెప్టెంబర్ 11
‘ఎడమకు.’ ‘ఆగు.’ అంతకు మించి మాటల్లేవు. బాగా ఆడుతున్నాడు, దరిద్రుడు.

సెప్టెంబర్ 13
తలుపు తెరుచుకుంది! గడ్డకట్టిన సరస్సు. దాని అడుగున దీపాలు. ఎవరు వెలిగించారు? వంగి చూడబోయి మల్లేశం మంచు విరిగి నీళ్ళలో పడ్డాడు. లాగాను. ఒంటి వేడి చూపించే గీత తరిగిపోతోంది. అతను చస్తే తలుపు మూసుకుంటుంది, మళ్ళీ మొదటి నుంచి. నా సంచిలో వేడి చారుంది, ఆటలో నేను కట్టుకున్న గుడిసెలో కాచింది. ఇస్తే తీసుకోడు.
‘ఒట్టు ఒట్టే బావా. నీ ఇంట్ల వండిందే గద.’
అది గుడిసె, ఇల్లు కాదన్నాను.
‘గుడిసె మీద పేరెవరిది?’
నాదే.
లక్ష్మి ఎప్పుడొచ్చిందో, నా భుజం మీదుగా మైకు వైపు వంగింది. ‘తమ్మీ, అక్క కాసిందనుకొని తాగు.’
‘నువ్వే కాసినవా? నిజం చెప్పక్కా.’
లక్ష్మి నా వైపు చూసి— ‘మీ బావనే.’
చారు గిన్నె మంచు మీద పెట్టి కంప్యూటర్ కట్టేశాను. బంద్ చేశావేమని లక్ష్మి కోప్పడింది. ఒట్టు పెట్టుకున్నవాడు తినేటప్పుడు చూడకూడదన్నాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు.

సెప్టెంబర్ 14
తలుపు తెరిచే ఉంది. అంటే చావలేదు. గిన్నె ఖాళీ. అడుగుజాడలు సరస్సు దాటి చీకట్లోకి— ఒక్కడే పోయాడు, నేను లేకుండా!
లక్ష్మి ఫోన్ తెచ్చి ఎదురుగా కూర్చుంది. ‘నువ్వు అడుగుతవా, నేనే అడగాల్నా?’
తాగావా అంటే లేదంటాడు. దివిటీ దగ్గర చలి కాచుకున్నానంటాడు. అప్పుడు ఈ ఏడు కూడా ఆమె బతుకమ్మకు పోదు.
అవతల ఏం కనిపించిందని అడుగుతాను ముందు.